ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి వాడుకరుల నుంచి చందా: బటన్ పెట్టే ముందూ, పెట్టాకా

రెపోలో, అంటే గిట్‌హబ్ లాంటి సైట్లో ప్రాజెక్టు కోడ్ ఉండే చోట, చందా ఇచ్చే స్పాన్సర్ బటన్ పెట్టడం పది నిమిషాల పని. ఆ బటన్ నొక్కినవాళ్ళ డబ్బు మీ బ్యాంకు ఖాతాలోకి ఏ పేరుతో వస్తుంది, దారిలో ఎంత కోత పడుతుంది, దానికి బదులుగా మీరు ఏం చేస్తానని ఒప్పుకున్నట్టు అన్నవి తేల్చుకోవడానికి మాత్రం రెండు మూడు వారాలు పడుతుంది. చాలామంది మొదటి పని చేసేసి రెండోది వదిలేస్తారు. ఏడాది తిరిగాక బ్యాంకు నుంచి ఫోను వచ్చినప్పుడో, రిటర్ను దాఖలు చేసేటప్పుడో తల పట్టుకుంటారు. అందుకే ఇక్కడ వరుస తిరగేశాం. ముందు డబ్బు స్వభావం, తర్వాత దారి, ఆ తర్వాతే బటన్.

ఎంత వస్తుందని ఆశ పెట్టుకోవచ్చు

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేనాటికి, ప్రపంచంలోని వెబ్ సర్వర్లలో పెద్ద భాగం నమ్ముకున్న భద్రతా లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి విరాళాలుగా వస్తున్నది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. లోపం వార్తల్లోకెక్కిన వారం రోజుల్లో దాదాపు 9,000 డాలర్లు వచ్చాయి. అవీ ఎక్కువగా అయిదేసి, పదేసి డాలర్లు. చివరికి ఆదుకున్నది లైనక్స్ ఫౌండేషన్ ద్వారా పెద్ద కంపెనీలు కలిసి పెట్టిన నిధి.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ మెయిల్ చూసుకునే సాఫ్ట్‌వేర్ థండర్‌బర్డ్. 2021లో దానికి వచ్చిన విరాళాలు సుమారు 28 లక్షల డాలర్లు. 2022లో అవి 64 లక్షలు దాటాయి. ఆ ఏడాది చివర్లో వాళ్ళు విజ్ఞప్తిని వెబ్‌సైట్లో ఓ మూలన కాకుండా సాఫ్ట్‌వేర్ లోపలే, రోజూ మెయిల్ చూసుకునే మనిషి కళ్ళెదుట పెట్టారు.

తేడా సాఫ్ట్‌వేర్ గొప్పతనంలో లేదు, కనపడటంలో ఉంది. మీరు తయారుచేసింది మనుషులు తెరిచి వాడే యాప్ అయితే వాడుకరుల చందా మీద ఆశ పెట్టుకోవచ్చు. అది వేరే ప్రోగ్రాముల అడుగున నలిగే లైబ్రరీ అయితే దాన్ని వాడేవాళ్ళలో నూటికి తొంభైమందికి మీ పేరే తెలియదు. తెలిసిన పదిమందీ ఉద్యోగులు, కార్డు కంపెనీది. అలాంటప్పుడు 5 డాలర్ల బటన్ కంటే కంపెనీకి ఇన్‌వాయిస్ ఇవ్వగల ఏర్పాటు ఎక్కువ పనికొస్తుంది. రెండూ పెట్టుకోవచ్చు, కానీ ఏది మీ అసలు ఆదాయమో ముందే తెలిసి ఉండాలి.

విరాళమా, రుసుమా

భారత్‌లో ఉన్న మెయింటెయినర్‌కి, అంటే ప్రాజెక్టుని నడిపేవారికి, అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. అడిగేటప్పుడు మనం చందా అనే అంటాం, అందులో తప్పు లేదు. కాగితం మీద మాత్రం ఆ డబ్బు రెండిట్లో ఏదో ఒకటి కావాలి: బదులుగా ఏమీ ఆశించకుండా ఇచ్చింది, లేదా మీరు చేసిన సేవకి ఇచ్చింది.

బదులు ఆశించకుండా ఇచ్చిందైతే ఆదాయపు పన్ను దృష్టిలో అది బహుమతి. బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో వచ్చిన బహుమతులన్నీ కలిపి 50,000 రూపాయలు దాటితే, దాటిన భాగం మీదే కాదు, మొత్తం మీద పన్ను కట్టాలి. పైగా దాన్ని ఇతర ఆదాయం కింద చూపాల్సి వస్తుంది కాబట్టి సర్వర్ ఖర్చు, ల్యాప్‌టాప్ ఖర్చు అందులోంచి తీసెయ్యడం కష్టం.

ఆ డబ్బు విదేశం నుంచి వస్తే ఇంకో చిక్కు ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, విదేశీయులిచ్చే విరాళాలను చూస్తుంది. సాంస్కృతిక, విద్యా, సామాజిక కార్యక్రమాల కోసమైతే నమోదు లేకుండా తీసుకోకూడదు. ప్రభుత్వోద్యోగులు, పత్రికల విలేకరులు, ఎన్నికల అభ్యర్థులకి అసలే నిషేధం. ప్రభుత్వ కాలేజీలో పాఠం చెబుతూ తీరిక వేళల్లో తెలుగు కీబోర్డు యాప్ నడిపేవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. అదే చట్టం, తన వ్యాపార, వర్తక క్రమంలో చేసిన సేవకి ప్రతిఫలంగా వచ్చిన డబ్బును విదేశీ విరాళంగా లెక్కించనక్కర్లేదనీ చెప్పింది.

అందుకే విదేశాల నుంచి డబ్బు తీసుకునే మెయింటెయినర్‌కి శుభ్రమైన దారి రెండోది. ప్రాజెక్టు నిర్వహణ, లోపాల సవరణ, విడుదలలు అనే సేవకి రుసుము. స్పాన్సర్ పేజీ మీద ఆ మాటే రాయండి, రిటర్నులో వృత్తి ఆదాయంగా చూపండి, ఖర్చులు తీసెయ్యండి. విదేశాల నుంచి డబ్బు వచ్చినప్పుడు అది దేనికొచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ బ్యాంకు అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి వాడేది పి0802. వ్యక్తిగత బహుమతులు, విరాళాలది పి1302. పేజీ మీద ఒక మాట, బ్యాంకులో ఇంకో కోడ్, రిటర్నులో మూడో శీర్షిక ఉంటే చిక్కు అక్కడ మొదలవుతుంది. మూడూ ఒకటే చెప్పాలి. సేవల ఎగుమతి ఆదాయం చూసిన అనుభవం ఉన్న సీఏతో ఒక్క గంట కూర్చోవడం దండగ కాదు.

జీఎస్టీ సంగతి: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సేవలకి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా నమోదు అక్కర్లేదు. దాటాక నమోదు చేసుకుని, ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేస్తే, విదేశీ మారకంలో వచ్చిన ఎగుమతి మీద పన్ను సున్నా. బ్యాంకు ఇచ్చే విదేశీ జమ పత్రాలు మొదటి నెల నుంచే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. రెండేళ్ళ తర్వాత అడిగితే బ్యాంకు కౌంటర్లో ఇప్పించుకోవడం మహా చాకిరీ.

లోగోల విషయంలో ఒక చిన్న హెచ్చరిక. ధార్మిక సంస్థల గోడల మీద దాతల పేర్లు రాయడం గురించి కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2019 అక్టోబరులో ఒక వివరణ ఇచ్చింది. కృతజ్ఞతగా పేరు రాస్తే అది సేవ కాదు, దాత వ్యాపారానికి ప్రచారమైతే సేవే. అది మీ రెపోకి నేరుగా వర్తించదు, కానీ ఆలోచించే పద్ధతి అదే. రెపో తెరవగానే కనపడే రీడ్‌మీలో హైదరాబాదు కంపెనీ లోగో పెట్టి, దాని అమ్మకాల పేజీకి లింకిచ్చి, నెలకింత అని తీసుకుంటే దాన్ని చందా అనడం కష్టం. అది ప్రకటన.

ఐటీ కంపెనీలో ఉద్యోగం చేస్తున్నవారు ఇంకో కాగితం చూసుకోవాలి, నియామక పత్రం. అందులో బయటి ఆదాయం గురించీ, మీరు రాసిన కోడ్ హక్కుల గురించీ ఏముందో చదివి, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మేనేజరు నోటిమాటగా ‘పర్లేదులే’ అనడం అనుమతి కాదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఇది ఇంకా సున్నితం. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు ఆ వీసా ఇప్పించిన యజమాని దగ్గరే పనిచెయ్యాలి. అక్కడ కూర్చుని కోడ్ రాస్తూ, ఆ పనికి నెలనెలా స్పాన్సర్ల డబ్బు తీసుకుంటే అనుమతి లేని ఉద్యోగంగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. ఇమిగ్రేషన్ లాయరు చెప్పేదాకా బటన్ పెట్టకండి. ప్రాజెక్టుకి డబ్బు కావాలంటే, అది మీ చేతికి రాకుండా సంస్థ పేరు మీద జమయ్యే దారి చూడండి.

డబ్బు వచ్చే దారులు

గిట్‌హబ్ స్పాన్సర్స్ 2019లో మొదలైంది, భారత్‌లోని మెయింటెయినర్లకీ అందుబాటులో ఉంది. వ్యక్తిగత ఖాతాల నుంచి వచ్చే డబ్బులో గిట్‌హబ్ ఏమీ కోసుకోదు. సంస్థల ఖాతాల నుంచి వస్తే 6 శాతం దాకా కోత ఉంటుంది. డెవలపర్లు వాడే లైబ్రరీకైతే మొదట పెట్టవలసింది ఇదే, ఎందుకంటే ఇచ్చేవాళ్ళకి అక్కడ ఖాతా, కార్డు ముందే ఉంటాయి.

కాఫీ ఇప్పించమనే తరహా సైట్లు చాలావరకు స్ట్రైప్, పేపాల్ అనే చెల్లింపు సంస్థల మీద నడుస్తాయి. భారత్‌లో స్ట్రైప్ సొంత ఖాతా ఇప్పుడు ఆహ్వానం ఉంటేనే ఇస్తోంది. కాబట్టి మిగిలేది పేపాల్. భారత్ పేపాల్ ఖాతాకి వ్యక్తిగత చెల్లింపులు రావు, సేవకో వస్తువుకో ఇచ్చినవే వస్తాయి. దేశంలోపలి చెల్లింపులు 2021 ఏప్రిల్ 1 నుంచి ఆగిపోయాయి. పై భాగంలో రుసుము దారి ఎందుకు చెప్పామో ఇక్కడ మళ్ళీ అర్థమవుతుంది.

పేపాల్‌లో చిన్న మొత్తాలు ఎలా కరిగిపోతాయో లెక్కేసి చూద్దాం. విదేశం నుంచి వచ్చే చెల్లింపుకి 4.4 శాతం, దాని మీద 30 సెంట్లు. నెలకి 1 డాలరు ఇచ్చేవారి దగ్గర 34 సెంట్లు కోతకే పోతాయి, మీకు 66 సెంట్లు. ఏడాదికి 12 డాలర్లు ఇచ్చినా మీకు చేరేది 7.87. అదే మనిషి ఏడాదికోసారి 12 డాలర్లు ఒకేసారి ఇస్తే 11.17 చేరుతుంది. రూపాయల్లోకి మార్చేటప్పుడు ఇంకో కోత వేరే. అంటే పేపాల్ దారిలో 1 డాలరు, 2 డాలర్ల నెలవారీ మొత్తాలు పెట్టకూడదు, వార్షికం అడగాలి.

ఇద్దరి కంటే ఎక్కువమంది పంచుకోవలసిన ప్రాజెక్టుకి ఓపెన్ కలెక్టివ్ నప్పుతుంది. అక్కడ డబ్బు మీ ఖాతాలోకి రాదు. ఓపెన్ సోర్స్ కలెక్టివ్ అనే అమెరికా సంస్థ మీ ప్రాజెక్టు తరఫున డబ్బు పట్టుకుంటుంది. పని చేసినవారు ఇన్‌వాయిస్ పెడతారు, నిర్వాహకులు ఆమోదిస్తారు, అది బ్యాంకుకి పంపుతుంది. జమ, ఖర్చు రూపాయితో సహా అందరికీ కనపడతాయి. దీనికి 10 శాతం తీసుకుంటారు. కార్డు కోత దానికి అదనం. ఎక్కువ అనిపిస్తుంది గానీ, మీరే ట్రస్టు పెట్టి ఆడిట్ చేయించుకునే ఖర్చుతో పోలిస్తే చవకే. 2024లో మూసేస్తామని ప్రకటించింది ఓపెన్ కలెక్టివ్ ఫౌండేషన్. పేరు దగ్గరగా ఉన్నా అది వేరే సంస్థ, చాలామంది పొరబడుతుంటారు.

ఫ్రాన్స్‌లో 2015లో పుట్టిన లిబరాపే అసలు కమీషనే తీసుకోదు, తనూ విరాళాల మీదే నడుస్తుంది. యూరప్ వాడుకరులు ఎక్కువగా ఉంటే అది కూడా పెట్టండి. అయిదారు దారులు పెట్టొద్దు. ఇచ్చే మనిషి ఏది నొక్కాలో తేల్చుకోలేక పేజీ మూసేస్తాడు. దేశం బయటివాళ్ళకి ఒకటి, దేశంలోనివాళ్ళకి ఒకటి, సమూహం ఉంటే ఇంకొకటి. అంతే.

గిట్‌హబ్ స్పాన్సర్స్ పెట్టే వరుస

1. ఖాతాకి రెండంచెల భద్రత పెట్టండి. అది లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు.

2. స్పాన్సర్స్‌లో చేరే పేజీలో దేశం, బ్యాంకు ఖాతా ఉన్న ప్రాంతం భారత్ అని ఎంచుకోండి.

3. గిట్‌హబ్ మీకు డబ్బు పంపడానికి వాడే స్ట్రైప్ కనెక్ట్ దగ్గర పాన్, బ్యాంకు వివరాలు ఇవ్వాలి. తెలుగువాళ్ళ దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరం ఇనీషియల్ ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనకుంటుంది. పాన్‌లో ఉన్నట్టే రాయండి. బ్యాంకు ఖాతాలో పేరు అలా లేకపోతే ముందు బ్యాంకులో మార్పించుకుని తర్వాత దరఖాస్తు చెయ్యండి. తిరస్కరించాక దిద్దుకోవడం కన్నా ఇదే త్వరగా అయ్యే పని.

4. పన్ను పత్రం డబ్ల్యూ-8బెన్ నింపాలి. పన్ను లెక్కలో మీరు అమెరికావారు కారు అని చెప్పేది అదే. విదేశీ పన్ను సంఖ్య అడిగిన చోట పాన్ వెయ్యండి. సంతకం చేసిన ఏడాదీ, దాని తర్వాత మూడు క్యాలెండర్ ఏళ్ళూ చెల్లుతుంది. గడువు తేదీ ఇప్పుడే క్యాలెండర్లో పెట్టుకోండి.

5. టియర్లు, అంటే చందా మొత్తాల మెట్లు రాసి, పరిచయం రాసి, సమీక్షకి పంపండి. నెలవారీవి పది, ఒకేసారివి పది దాకా పెట్టుకోవచ్చు. ఒకసారి ప్రచురించిన టియర్ ధర మార్చలేరు, దాన్ని విరమించి కొత్తది పెట్టాలి. కాబట్టి తొందరపడి పది పెట్టకండి, మూడు చాలు.

6. రెపోలో డాట్ గిట్‌హబ్ అనే ఫోల్డర్ చేసి, అందులో ఫండింగ్ అని ఇంగ్లిష్ పెద్దక్షరాలతో, చివర డాట్ వైఎంఎల్ ఉన్న ఫైలు పెట్టండి. అందులో గిట్‌హబ్ అన్న వరుసలో మీ వాడుకరి పేరు, కస్టమ్ అన్న వరుసలో యూపీఐ పేజీ చిరునామా.

ఆరో మెట్టు తర్వాత బటన్ కనపడకపోతే కారణం సాధారణంగా ఈ నాలుగింట్లో ఒకటి: ఫైలు డిఫాల్ట్ బ్రాంచిలో కాకుండా ఇంకో బ్రాంచిలో ఉంది. ఖాళీలకి బదులు ట్యాబ్ కొట్టారు. వెబ్ చిరునామాలో కోలన్ ఉంటుంది కాబట్టి దాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి, పెట్టలేదు. లేదా రెపో సెట్టింగుల్లో స్పాన్సర్‌షిప్స్ పెట్టెలో టిక్కు లేదు. నలుగురు గిట్‌హబ్ వాడుకరులు, నాలుగు కస్టమ్ లింకులు, అంతకు మించి పట్టవు.

డబ్బు నెలకోసారి 22వ తేదీన కదులుతుంది, అదీ నిల్వ 100 డాలర్లకి చేరితేనే. కొత్త ఖాతాకి మొదటి చెల్లింపు ఇంకా ఆలస్యమవుతుంది. ‘డబ్బు రాలేదు’ అని మొదటి నెలలోనే కంగారు పడనక్కర్లేదు.

మీది ఎన్‌పీఎంలో ఉంచే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ అయితే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ఫండింగ్ అనే వరుస చేర్చండి. దాన్ని వాడేవాళ్ళు ఎన్‌పీఎం ఫండ్ అని కొడితే మీ లింకు వస్తుంది. ఈ ఏర్పాటు రావడానికి ముందు, 2019 ఆగస్టులో, ఒక ప్రసిద్ధ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు టెర్మినల్లో ప్రకటన చూపించింది. గొడవై కొద్ది రోజుల్లోనే ఆపేశారు. ఆ దారి మళ్ళీ తొక్కకండి. పైథాన్ ప్యాకేజీలుండే పైపీఐలో అయితే ప్రాజెక్టు లింకుల్లో ఫండింగ్ పేరుతో చిరునామా ఇస్తే చాలు.

ప్రాజెక్టు కాస్త పెద్దదైతే ఫండింగ్ డాట్ జేసన్ కూడా రాసిపెట్టుకోండి. మీరెవరు, ప్రాజెక్టులేవి, డబ్బు ఏ మార్గంలో, దేనికెంత కావాలి, గత ఏళ్ళలో ఎంత వచ్చింది అన్నవి యంత్రం చదవగలిగేలా రాసే ఫైలు అది. జెరోధా 2024 అక్టోబరులో ఏడాదికి 10 లక్షల డాలర్లతో మొదలుపెట్టిన ఫ్లాస్ ఫండ్‌కి దరఖాస్తు ఈ ఫైలుతోనే. అది వాడుకరుల చందా కాదు, గ్రాంటు. కానీ ‘దేనికెంత’ అని రాసుకునే ఆ కసరత్తు చందా పేజీకి కూడా పనికొస్తుంది.

దేశంలోపల: యూపీఐ

తెలుగు ఫాంటు, పంచాంగం యాప్, కీబోర్డు లాంటి వాటికి వాడుకరులు ఎక్కువమంది ఇక్కడే ఉంటారు. వాళ్ళకి డాలర్ల పేజీ చూపించడం దండగ. యూపీఐలో కోత లేదు, ఇచ్చేవారికి పది సెకన్ల పని.

ప్రాజెక్టు కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవండి. దానికో వేరే యూపీఐ ఐడీ పెట్టుకోండి, ఫోను నంబరుతో ఉండే ఐడీ రీడ్‌మీలో పెట్టకండి. పెడితే ఆ నంబరు ఎప్పటికీ వెనక్కి రాదు, గిట్ చరిత్రలో ఉండిపోతుంది. క్యూఆర్ బొమ్మ పక్కన, స్కాన్ చేస్తే ఏ పేరు కనపడుతుందో అక్షరాల్లో రాయండి. మీ రెపోని ఎవరైనా ఫోర్క్ చేసి, అంటే నకలు తీసుకుని, క్యూఆర్ బొమ్మ మార్చి పెట్టడం చాలా తేలిక, పేరు చూసి పోల్చుకోవడం ఒక్కటే ఇచ్చేవారి చేతిలో ఉన్న రక్షణ. అందుకే బొమ్మ రెపోలో కాకుండా మీ సొంత డొమైన్ పేజీలో పెట్టి, రెపో నుంచి లింకిస్తే మేలు.

యూపీఐతో ఇంకో లోటు, ఎవరిచ్చారో మెయిల్ తెలియదు. నోట్ గడిలో వాడుకరి పేరు రాయమని అడగండి. కంపెనీలు రసీదు అడిగితే పేమెంట్ గేట్‌వే పేజీ కావాలి. దాని కోత సాధారణంగా 2 శాతం, ఆ కోత మీద 18 శాతం జీఎస్టీ.

మొత్తాలు డాలర్లని రూపాయల్లోకి మార్చి 427, 854 అని పెట్టకండి. మనవాళ్ళ చేతికి అలవాటైన అంకెలు వేరే ఉన్నాయి: 116, 516, 1,116. చదివింపుల్లో నూట పదహార్లు రాసినవారికి అది ఎంత అన్న ప్రశ్నే రాదు. అలాగే వినాయక చవితి చందా పుస్తకం పట్టుకుని తిరిగినవాళ్ళందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. మొదటి వరుసలో 5,116 ఉంటే తర్వాతివాళ్ళు యాభైతో సరిపెట్టరు. పేజీలో ముందే ఎంచి ఉంచే మొత్తం మీ టియర్లలో మధ్యది కావాలి, అడుగుది కాదు.

అడిగే మాట

‘ఈ ప్రాజెక్టు నచ్చితే ఓ కాఫీ ఇప్పించండి’ అన్నది అందరూ రాసేదే. దానికి కాఫీ ఖరీదే వస్తుంది, అదీ ఒక్కసారే. దాని బదులు ఇలా రాసి చూడండి:

‘ఈ కీబోర్డుని ఇద్దరం చూసుకుంటున్నాం. సర్వరు, డొమైన్, యాప్ స్టోరు రుసుము కలిపి ఏడాదికి 24,000 రూపాయలు. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ వచ్చినప్పుడల్లా కనీసం 60 గంటల పని పడుతుంది. ఖర్చుకి సరిపడా చందా వచ్చింది, పని గంటలకి ఇంకా రాలేదు. ఏడాదికి 516 రూపాయలు ఇచ్చేవాళ్ళు ఇంకో 150 మంది ఉంటే వచ్చే విడుదల ఆలస్యం కాదు.’

అంకెలు మీవి వేసుకోండి, ఊహించి మాత్రం వెయ్యకండి. ఇందులో జాలి లేదు, బెదిరింపు లేదు. ఎంత లోటు, ఆ లోటు వల్ల ఏది ఆగుతుంది అన్నది ఉంది.

ఎక్కడ, ఎప్పుడు అడగాలన్నది అంతకన్నా ముఖ్యం. కేడీఈ వాళ్ళు తమ లైనక్స్ డెస్క్‌టాప్‌లో, 2024 అక్టోబరులో వచ్చిన ప్లాస్మా 6.2 నుంచి, ఏడాదికి ఒక్కసారి, డిసెంబరులో, ఒక నోటిఫికేషన్ చూపిస్తున్నారు. వద్దంటే ఆపేసుకోవచ్చు. ఏడాదికోసారి అన్నది సరైన కొలత. తెరిచిన ప్రతిసారీ అడిగే యాప్‌కి చందాకి బదులు ఒక్క నక్షత్రం రేటింగు వస్తుంది. పని పూర్తయిన క్షణంలో అడగండి, ఫైలు ఎగుమతి అయ్యాక, బ్యాకప్ ముగిశాక. పని మధ్యలో అడ్డు రాకండి. ప్లే స్టోరు, యాప్ స్టోరుల ద్వారా ఇచ్చే యాప్‌లో బయటి చెల్లింపు లింకు పెట్టే ముందు వాటి చెల్లింపు నియమాలు చదవండి. లింకు కారణంగా యాప్‌నే తీసేసే ప్రమాదం ఉంది.

టియర్లకి ప్రతిఫలాలు రాసేటప్పుడు చెయ్యి బిగించండి. 5 డాలర్లకి ‘మీ సమస్యకి ముందు జవాబు’ అని రాస్తే, అలాంటివాళ్ళు ముప్పైమంది చేరిన రోజు మీది నెలకి 150 డాలర్ల హెల్ప్‌డెస్క్ ఉద్యోగం. విడుదల నోట్సులో పేరు, నెలకో ఉత్తరం, అంతవరకు చాలు. జవాబు హామీ ఇవ్వదలిస్తే దాన్ని చందాలోంచి తీసేసి, వేరే ఒప్పందం, వేరే ధర పెట్టండి. ఫలానా లోపం సరిచేస్తే ఇంత అనే బౌంటీలు కూడా చూడటానికి బాగుంటాయి గానీ, డబ్బు కోడ్ పంపినవారికి వెళ్తుంది, దాన్ని చదివి, దిద్ది, ఏళ్ళ తరబడి మోసే పని మెయింటెయినర్ మీద పడుతుంది.

పంపకం

మొదటి రూపాయి రాకముందే పంపకం నియమం రెపోలో ఒక ఫైలుగా ఉండాలి. డబ్బు వచ్చాక రాసే నియమం ఎవరో ఒకరికి అన్యాయంగానే కనపడుతుంది. బాగా నడిచే పద్ధతి: ముందు స్థిర ఖర్చులు, తర్వాత మీరు ఆధారపడ్డ ప్రాజెక్టులకి 10 శాతం, మిగిలింది ఆ నెల గంటల లెక్క పెట్టినవారికి గంట రేటున. కమిట్ల లెక్కన, అంటే చేర్చిన కోడ్ మార్పుల సంఖ్యని బట్టి పంచకండి. పంచితే ఒక పనిని ఇరవై ముక్కలుగా కోసి పంపేవారు పుడతారు. అనువాదం, డాక్యుమెంటేషన్, వచ్చిన ఫిర్యాదులు వడపోయడం కూడా గంటలే. తెలుగు అనువాదం చేసినవారి పేరు క్రెడిట్లలో ఉండి, పంపకంలో లేకపోవడం మామూలైపోయింది. అది నియమం రాసేటప్పుడే సరిచెయ్యాలి.

నెలకో లెక్క రాయండి, అయిదు వరుసలు చాలు: ఎంత వచ్చింది, కోత ఎంత, దేనికి ఎంత ఖర్చయింది, ఏ పని జరిగింది, ఏది జరగలేదు. ఆ చివరి వరుస వదిలెయ్యకండి. రెండు నెలలు లెక్క ఆగితే చందాదారులు చెప్పకుండా తప్పుకుంటారు. చాలామంది తప్పుకోవడానికి కారణం కోపం కూడా కాదు, కార్డు గడువు ముగిసి మళ్ళీ పెట్టకపోవడం. అలా ఆగినవారికి ఒక్కసారి మర్యాదగా రాయండి, రెండోసారి వద్దు.

ఇచ్చేవారికి

భారత్ కార్డుతో విదేశీ సైటుకి నెలనెలా చందా పెడితే తరచూ తప్పిపోతుంది. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఆటోమేటిక్ కోతకి ముందు నమోదు, కోతకి 24 గంటల ముందు సమాచారం ఉండాలి. ఆ ఏర్పాటు లేని సైటు దగ్గర కార్డు తిరస్కరిస్తుంది. నెలకి 5 డాలర్ల బదులు ఏడాదికోసారి 60 ఇవ్వండి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, పని కాగానే ఆపెయ్యండి. మారకం మీద చాలా కార్డులు 3.5 శాతం దాకా, దాని మీద జీఎస్టీ వేస్తాయి. అది మీరు లెక్కలో వేసుకోవలసింది, మెయింటెయినర్‌కి చేరదు.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్నవారి చేతిలో ఇంకో వీలుంది. చాలా కంపెనీలు ఉద్యోగి విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి, కానీ సాధారణంగా అక్కడి పన్ను చట్టంలో 501సీ3 అనే ధార్మిక సంస్థలకే. గిట్‌హబ్ స్పాన్సర్స్‌లో మనిషికి ఇచ్చింది అందులోకి రాదు. ఓపెన్ సోర్స్ కలెక్టివ్ 501సీ6, అంటే వ్యాపార సంఘాల తరగతి కాబట్టి అదీ రాదు, పన్ను మినహాయింపూ ఉండదు. పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, నంపై, పాండాస్‌లను చూసుకునే నమ్‌ఫోకస్, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ లాంటివి వస్తాయి. కంపెనీ విరాళాల పోర్టల్లో వాటి పేరు వెతికి 100 డాలర్లు ఇస్తే 200 చేరుతుంది.

ఎవరికివ్వాలో తెలియకపోతే పేరున్న ప్రాజెక్టుతో మొదలుపెట్టకండి. మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఎన్‌పీఎం ఫండ్ కొట్టండి, లేదా గిట్‌హబ్ స్పాన్సర్స్ ఎక్స్‌ప్లోర్ పేజీ తెరవండి. మీరు ఆధారపడ్డవాటిలో ఎవరు చందా తీసుకుంటున్నారో జాబితా వస్తుంది. అందులో ఒక్క మనిషే నడిపేవి, ఏడాదిగా విడుదలలు వస్తున్నవి రెండు ఎంచుకోండి.

ఆపేటప్పుడు

ప్రాజెక్టు మానేస్తున్నా, కొన్నాళ్ళు పక్కన పెడుతున్నా, డబ్బును దానంతట అది రానివ్వకండి. ముందు టియర్లు విరమించండి. అప్పటికే ఉన్న చందాదారులు పాత టియర్లోనే కొనసాగుతారు కాబట్టి అది ఒక్కటే సరిపోదు. వాళ్ళకి సందేశం పంపి, స్పాన్సర్ పేజీనే ప్రచురణ నుంచి తీసెయ్యండి. ఫండింగ్ ఫైలు, ఎన్‌పీఎం వరుస, యాప్ లోపలి లింకు, యూపీఐ పేజీలోని క్యూఆర్, నాలుగూ ఒకే రోజు తీసేయాలి. పాత యాప్ వెర్షన్లు ఫోన్లలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి, కాబట్టి యూపీఐ పేజీ చిరునామాని చంపెయ్యకుండా ‘చందాలు తీసుకోవడం లేదు’ అన్న ఒక్క వాక్యంతో ఉంచండి. ఆ డొమైన్ కనీసం ఇంకో మూడేళ్ళు రెన్యూ చేసుకోండి. వదిలేస్తే ఇంకెవరో కొనుక్కుని మీ పాత లింకు కింద వాళ్ళ క్యూఆర్ పెట్టుకోగలరు.